వంటింట్లో ఎలుక... వహ్వా అనిపించింది!

వంటింట్లో ఎలుక కనిపిస్తే ఏం చేస్తాం? చీపురు అందుకుంటాం. మరి ఆ ఎలుకే గరిటె పడితే? 2007లో పిక్సర్ సంస్థ తీసిన యానిమేషన్ చిత్రం 'రాటటూయి' కథ ఇదే.

వాసనలు పసిగట్టడంలో రెమీ అనే ఎలుక దిట్ట. తోటి ఎలుకలు చెత్తతో కడుపు నింపుకుంటుంటే, దానికేమో వంటవాడు కావాలని ఆశ! పారిస్‌లో, వంటే రాని లింగ్వీనీ అనే కుర్రాడి టోపీలో దూరి, జుట్టు లాగుతూ అతనితో ఘుమఘుమలాడే వంటలు చేయిస్తుంది.

ప్రేక్షకులకు రోత పుట్టకూడదు. దర్శకుడు బ్రాడ్ బర్డ్ బృందానికి అదే పెద్ద పరీక్ష. ఎలుకల కదలికలు గమనించడానికి వాటిని స్టూడియోలోనే పెంచారు. నిర్మాత బ్రాడ్ లూయిస్ ప్రముఖ షెఫ్ థామస్ కెల్లర్ వంటగదిలో పనిచేసి మెలకువలు తెలుసుకున్నాడు.

ఆంటన్ ఈగో కలానికి హోటళ్లన్నీ హడల్. అలాంటి విమర్శకుడికి రెమీ వడ్డించింది విందు భోజనమేం కాదు... వంకాయ, టమోటాలతో చేసే పల్లెటూరి కూర. రాటటూయి అంటే అదే! ఒక్క ముద్దకే అతనికి చిన్నప్పటి అమ్మ వంట గుర్తొస్తుంది. చేతిలో కలం జారిపోతుంది.

వండింది ఎలుకని తెలిశాక? అయినా మెచ్చుకుంటూనే రాస్తాడు. ఎలుకలున్నాయని ఆ హోటల్ మూతపడటంతో ఈగో ఉద్యోగమూ, పరువూ పోతాయి. రెమీ వంట మాత్రం వదులుకోడు!

2008లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ దక్కించుకుందీ ఎలుక కథ.