వీలునామా

వీలునామా అనగా ఒక వ్యక్తి తన మరణానంతరం తన ఆస్తి ఎవరికి చెందవలెనో తెలుపుతూ వ్రాసిన పత్రము. దీనినే మరణశాసనము అని కూడా అంటారు. వ్రాసినవారు జీవించి ఉన్నంతకాలం దీనిని మార్చవచ్చు, రద్దు చేయవచ్చు.

భారత వారసత్వ చట్టం, 1925 లోని 63వ సెక్షను ప్రకారం దీనిపై కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. స్టాంపు కాగితం అవసరం లేదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని, దాయాదుల పోరుకు పేరుపడిన పల్నాట ఆ జాగ్రత్త మంచిదే. ముస్లిములు సాధారణంగా అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోగా మిగిలినదానిలో మూడవ వంతు వరకే వీలునామా వ్రాయగలరు.

వీలునామా లేకుండా హిందూ పురుషుడు మరణిస్తే, హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం భార్య, కుమారులు, కుమార్తెలు, తల్లి సమాన భాగస్తులు. పసుపుకుంకుమల క్రింద పొలమిచ్చామన్న కారణంతో కుమార్తె వాటా పోదు. బ్యాంకు ఖాతాలో నామినీగా ఉన్నవారు సొమ్ము అందుకొనుటకే గాని, అంతమాత్రాన యజమానులు కారు.

కొందరు వృద్ధులు బ్రతికుండగానే బిడ్డల పేర పొలమును దాన సెటిల్‌మెంటు వ్రాసి ఇస్తారు. ఇది వీలునామా వంటిది కాదు. తలచినప్పుడు వెనుకకు తీసుకొనే వీలుండదు. అలా వ్రాసిచ్చి, కూటికి వెదుక్కోవలసి వచ్చినవారు ఉన్నారు. వ్రాయక తప్పనిచో, తమను పోషించాలన్న షరతును పత్రంలోనే చేర్పించాలి. షరతు తప్పినప్పుడు తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 లోని 23వ సెక్షను క్రింద ఆర్డీవో అధ్యక్షతన గల ట్రిబ్యునలుకు దరఖాస్తు చేసి ఆ పత్రమును రద్దు చేయించుకొనవచ్చు. నరసరావుపేట, గురజాలలలో ఆర్డీవో కార్యాలయాలు ఉన్నాయి. మాచర్లవారు గురజాలకు వెళ్ళవలెను.