మౌయి పట్టిన చేప

న్యూజీలాండు దేశపు ఉత్తర ద్వీపమును పటములో మొదటిసారి చూచువారికి అందులో చేప యున్నదని తోచుట కష్టము. ఉత్తరదిక్కును పైన నిలిపి గీయుట నేటి సంప్రదాయము గనుక, వాయవ్యమునకు సన్నగా సాగిన భూభాగము పైనను, తూర్పు పడమరలకు పొడుచుకొనివచ్చిన రెండు ఉబ్బులు నడుమను, కుంచించుకొనిపోయిన దక్షిణపు కొస క్రిందను కనబడును. ఆ పటమునే తలక్రిందులుగా త్రిప్పి చూచినచో, తల పైకెత్తి, రెక్కలు చాచి, పొడవైన తోకను వెనుకకు విడిచి యీదుచున్న టేకుచేప ప్రత్యక్షమగును.

ఆ దేశపు ఆదివాసులైన మావోరీలు ఈ ద్వీపమును మౌయి అను పురాణవీరుడు సముద్రమునుండి పైకి లాగిన చేప యని చెప్పుదురు. అవ్వ దవడ యెముకతో గాలము చేసికొని మౌయి ఈ చేపను పట్టెననియు, అతడు లేని సమయమున తొందరపడి అన్నలు దానిని కోయగా ఆ కోతలే కొండలును లోయలునైనవనియు వారి కథ. దక్షిణ ద్వీపము అతడు కూర్చుండిన పడవ. దానికి దిగువనున్న స్టూవర్టు ద్వీపము ఆ పడవకు లంగరురాయి. టె ఇకా ఆ మౌయి, అనగా మౌయి చేప, అను పేరునకు 2013లో ప్రభుత్వపు ఆమోదముకూడ లభించినది.

ద్వీపములకు ఇట్టి పోలికలు క్రొత్తవి కావు. ప్రాచీన గ్రీకులు సార్డీనియాను పాదముద్ర యనిరి. తైవానువారు తమ దీవిని చిలగడదుంప యందురు. క్యూబావారికిని, తిమోరువారికిని తమ నేల మొసలి. అయినను అవయవములన్నింటిని ఇంత సాంగముగా నిర్ణయించిన పోలికను నేను మరియొకచోట ఎరుగను. రాజధానియైన వెల్లింగ్టనున్న దక్షిణాగ్రము ఈ చేపకు తల. అచ్చటి పాలిసరు అఖాతము నోరు. తరనాకి ఒక రెక్క, తూర్పు అగ్రము రెండవది. నడుమనున్న టౌపో సరస్సు హృదయము. హాకు అఖాతపు వంపు దానిని పట్టిన గాలము. కన్నుల మాట మరింత ఆశ్చర్యకరము. వెల్లింగ్టను రేవు ఒక కన్ను, పర్వతశ్రేణికి ఆవలనున్న వైరరాపా సరస్సు రెండవ కన్ను. ఒకటి ఉప్పునీటిది, మరియొకటి మంచినీటిది.

కొన్ని వంపులనుండి ప్రాణిరూపమును కల్పించుకొనుట మన కంటికి ఎట్లు సాధ్యమగుచున్నది? 1954లో ఫ్రెడ్ అట్నీవ్ అను అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు, నిద్రించుచున్న పిల్లి బొమ్మలో గీత మిక్కిలిగా వంగు 38 బిందువులను మాత్రమే యెన్నుకొని, వానిని సరళరేఖలతో కలిపి చూపెను. అయినను అది పిల్లియే యని చూచినవారికి తెలియుచుండెను. సూటిగా పోవు గీతలో తరువాతి భాగమును ముందుగనే ఊహింపవచ్చును గనుక అది మనకు క్రొత్తగా చెప్పునది లేదు. చెప్పదగినదంతయు వంపులయందే యున్నది. ఉత్తర ద్వీపమున కట్టి ప్రధానమైన వంపులు అయిదారు మాత్రమే: తోక మొదలు సన్నబడుచోటు, రెక్కల కొసలు, తల ప్రక్కల నొక్కులు. అవి కుదిరినచో మిగిలినదానిని మనస్సు తానే పూరించుకొనును.

అయితే దిక్కు మారినచో ఈ గుర్తింపు చెదరిపోవును. ఆఫ్రికా ఖండపు ఆకృతి చదువుకున్నవారందరికి పరిచితమే. కాని ఇర్విన్ రాక్ అను శాస్త్రజ్ఞుడు దానిని 90 డిగ్రీలు త్రిప్పి, ఏది పైభాగమో చెప్పక చూపినపుడు, అది ఆఫ్రికా యని పోల్చుకొనుట పలువురికి దుష్కరమయ్యెను. ఏది పై, ఏది క్రింద యని మనస్సు ముందు నిశ్చయించుకొని, ఆ పిమ్మటనే ఆకారమును చదువును. పటము మనకు చేపను తలక్రిందులుగా చూపుచున్నది. మావోరీలకు అట్టి నిర్బంధము లేదు.

పరిమాణముకూడ ముఖ్యమే. కొలబద్ద చిన్నదగుకొలది సముద్రతీరపు పొడవు పెరుగుచునే యుండునని లూయిస్ ఫ్రై రిచర్డుసన్ గమనింపగా, బెన్వా మాండెల్బ్రో 1967లో బ్రిటను తీరమును ఉదాహరణగా గైకొని దానిని వివరించెను. చేప తోకను దగ్గరగా చూపు పటము తీసికొన్నచో, కైపరా వంటి సముద్రపు పాయలు శాఖోపశాఖలుగా లోనికి చొచ్చుకొనిపోయి తోక యనునదే మాయమగును. చేప యుండునది ఒకానొక దూరమున మాత్రమే.

మరి ఆకాశమునుండి చూడని, అచ్చుపటమెరుగని ప్రజలకు ఆ దూరము ఎట్లు లభించెను? ఐరోపావారి పటములను చూచి తరువాత అల్లిన కథ యనుటకు వీలులేదు. 1769-70లో ఆ దేశమును చుట్టివచ్చిన కెప్టెన్ కుక్ తన పటముపై ఉత్తర ద్వీపమునకు వ్రాసికొన్న స్థానికనామమునందే మౌయి పేరు వినబడుచున్నది. మావోరీల కథలో వేరు లంగరురాయియైన స్టూవర్టు ద్వీపమును కుక్ మాత్రము దక్షిణ ద్వీపమునకు అంటుకొనియున్న భూభాగముగా గీసెను! 1793లో టుకి అను ఉత్తరప్రాంతపు మావోరీని, నార చేయుట అతనిచే నేర్పించుకొనుటకై, బలవంతముగా నార్‌ఫోకు దీవికి కొనిపోయిరి. అచ్చటి అధికారి కింగు అడుగగా అతడు నేలపై సుద్దతో తన దేశపు పటమును గీసెను. అందు అతని స్వస్థలమైన తోకభాగము మిక్కిలి పెద్దది, దక్షిణ ద్వీపము మిక్కిలి చిన్నది. మృతుల ఆత్మలు ఉత్తరాగ్రమునకు పోవు బాటకూడ అందున్నది. ఈ పటము చేపను పోలదు. దీనినిబట్టి చూడగా, చేప యనునది వారికి ఒక్క చూపున కంటికి దొరకిన బొమ్మ కాదనియు, పడవలపైనను కాలినడకనను తిరిగినవారి యెరుక తరతరములుగా ఒక శరీరముగా కూర్చబడినదనియు నాకు తోచుచున్నది. తల యెచ్చటనో తెలిసినవానికి, హృదయము దాటి, రెక్కకు ఈవలనో ఆవలనో తానున్నానని చెప్పుట సులభము గదా.

భూగర్భశాస్త్రమును బట్టి ఈ చేప వయస్సు స్వల్పము. సుమారు 20,000 సంవత్సరములకు పూర్వము సముద్రమట్టము ఇప్పటికంటె 120 మీటర్లు తక్కువగా నుండెను. అప్పుడు చేపయు పడవయు ఒకే నేల. మంచు కరగి సముద్రము ఇంచుమించు నేటి మట్టమునకు చేరి 7,000 సంవత్సరములైనది. మావోరీల పూర్వులు పదుమూడవ శతాబ్దమున వచ్చునాటికి రూపము సిద్ధమై యున్నది, కాని స్థిరపడలేదు. ద్వీపపు తూర్పు అంచు క్రిందికి పసిఫిక్ భూఫలకము నేటికిని దిగుచునే యున్నది. 1855 జనవరి 23వ తేది రాత్రి, 8.2 తీవ్రతగల భూకంపమున, నోటికి పడమటి అంచుననున్న టురకిరే అగ్రము ఆరు మీటర్లకు పైగా ఒక్కసారిగా పైకి లేచినది. అచ్చట పూర్వపు సముద్రతీరములు గులకరాళ్ల గట్లుగా, మెట్లు మెట్లుగా ఒకదానికంటె నొకటి యెత్తున నిలిచియున్నవి. అవి అంతకుముందటి భూకంపముల గుర్తులు. వెల్లింగ్టను రేవు ఒడ్డుకూడ ఆ రాత్రి లేచినది. అట్లు బయలుపడిన నేలపైననే తరువాత రోడ్డును, రైలుదారియు వేసిరి.