పాత రంపం... కొనొచ్చా?

చెట్లు కోసే పెట్రోలు మిషన్ ఒకటి చవగ్గా దొరికింది. పాతదే, కానీ పేరున్న కంపెనీది. బాగు చేయిస్తే ఇంకో పదేళ్లు ఢోకా లేదంటాడు అమ్మేవాడు. పాత ఇనుములో వేయడమే మేలంటారు ఇంట్లోవాళ్లు. ఎవరి మాట నిజం? డబ్బులిచ్చే ముందు ఆ మిషన్‌నే అడిగి తెలుసుకోవచ్చు!

కృష్ణా డెల్టాలో తుపాను తీరం దాటిన మర్నాడు ఊరూరా వినిపించేది చెయిన్ రంపం మోతే. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ అయినా, 2025 అక్టోబరులో వచ్చిన మొంథా అయినా... కూలిన చెట్లు అడ్డు తీస్తేగానీ కరెంటు స్తంభాలు లేవవు, బస్సులు కదలవు. విజయవాడకు దగ్గర్లోని కొండపావులూరులో ఉండే ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్ సామగ్రిలోనూ ఈ రంపాలుంటాయి. మామూలు రోజుల్లో కొబ్బరి, మామిడి, సరుగుడు తోటల్లో దీన్ని నమ్ముకుని బతికే కుటుంబాలున్నాయి. కొత్తది కొనే స్తోమత లేనివాళ్లు పాతదానికోసం చూడటం మామూలే. అయితే, బేరం కుదిరిందన్న సంతోషంలో ఆ మిషన్ ఆరోగ్యం సంగతి మరచిపోతేనే చిక్కు.

తాడు చెబుతుంది

ముందుగా ఇంజిన్ చల్లగా ఉందో లేదో ముట్టుకుని చూడాలి. మనం వెళ్లేసరికే వేడిగా ఉంటే, స్టార్ట్ కావడానికి ఎంతసేపు పట్టిందో మనకు తెలియదు. చల్లారేదాకా ఆగడం మంచిది. స్విచ్ ఆపి, బ్లేడుకు తొడుగు వేసి, స్టార్టర్ తాడు పిడి పట్టుకుని మిషన్‌ను నేలకు కొంచెం పైన వేలాడదీయాలి. ఆగి ఆగి మెల్లగా కిందికి దిగితే కంప్రెషన్ ఉన్నట్టు. బావిలో చేదలా సర్రున జారిందా, లోపల అరిగిపోయినట్టే. మెకానిక్ దగ్గర గేజి ఉంటే ఇంకా మంచిది. చాలా మిషన్లకు 120 నుంచి 150 పీఎస్ఐ దాకా చూపితే ఫరవాలేదు, వందకు తగ్గితే ఆలోచించాల్సిందే.

తరువాత సైలెన్సర్ విప్పించాలి. రెండు మూడు బోల్టుల పని. ఆ రంధ్రంలోంచి టార్చి వేస్తే పిస్టన్ పక్కభాగం కనిపిస్తుంది. నున్నగా ఉంటే సరే. నిలువుగా గీతలు పడి ఉంటే ఎవరో ఆయిల్ కలపని పెట్రోలుతో నడిపారని అనుమానించాలి. ఈ ఇంజిన్‌కు విడిగా ఆయిల్ సంపు ఉండదు. పెట్రోల్లో కలిపిన టూ స్ట్రోక్ ఆయిలే లోపలి భాగాలకు తడి. అది లేకుండా కొద్ది నిమిషాలు నడిచినా పిస్టన్ గీసుకుపోతుంది.

ఆఖరున స్టార్ట్ చేసి, పది నిమిషాలు నడిపి, ఆపి, వేడి మీదే మళ్లీ లాగి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉండి, వేడెక్కాక మొరాయించే మిషన్లు చాలానే ఉంటాయి.

ఏది చిన్న జబ్బు?

ఏళ్ల తరబడి మూలన పడి ఉండి స్టార్ట్ కాకపోతే కంగారు పడనక్కర్లేదు. కార్బురేటర్‌లోని పల్చటి డయాఫ్రమ్ బిగుసుకుపోయి ఉంటుంది. పెట్రోలు గొట్టం పగిలి ఉంటుంది. ఫిల్టరు పూడిపోయి ఉంటుంది. ఇవన్నీ చిన్న ఖర్చులే. చెయిన్, బ్లేడు అరగడమూ అంతే. అవి ఎలాగూ మార్చుకుంటూ పోవాల్సినవే.

పిస్టన్, సిలిండర్ పోతే మధ్యరకం ఖర్చు. క్రాంక్ బేరింగులు పోవడం, ఇంజిన్ బాడీ పగలడం పెద్ద జబ్బులు. ఫ్లైవీల్ పట్టుకుని అటూ ఇటూ కదిపితే లొడలొడలాడుతుందేమో చూడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో ఇళ్లు నీళ్లలో నానాయి. మిషన్ అలా మునిగిందేమో అడగాలి. రెక్కల సందుల్లో ఎండిన ఒండ్రు, బోల్టుల మీద తుప్పు కనిపిస్తే లోపలి బేరింగులూ అదే స్థితిలో ఉండొచ్చు.

లెక్క ఇలా వేయాలి

పాతదాని ధర, విడిభాగాలు, మెకానిక్ కూలీ మూడూ కలిపి, అంతే శక్తిగల కొత్త మిషన్ ధరలో సగం దాటకూడదు. ఉదాహరణకు కొత్తది 30 వేలు అనుకుందాం. పాతది 6 వేలు, బాగుకు 5 వేలు అయితే ముందుకెళ్లొచ్చు. బాగుకే 12 వేలైతే వదిలేయాలి. ఆ కంపెనీ విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయో లేదో కొనకముందే అడగాలి. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద బుష్‌లు, పిన్నులు చేసిచ్చే పనివాళ్లకు కొదవలేదు. ఇగ్నిషన్ కాయిల్, డయాఫ్రమ్ లాంటివి మాత్రం లేత్ మీద పుట్టవు.

ఇప్పుడు దేశంలో అమ్ముతున్న పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు గొట్టాలను అది పాడుచేయగలదు, గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది. పాత మిషన్ కొన్నవాళ్లు గొట్టాలు కొత్తవి వేయించుకుని, పని కాగానే ట్యాంకు ఖాళీ చేయాలి. ఆయిల్ పాళ్లు కంపెనీ చెప్పినట్టే కలపాలి. 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40.

బ్రేకు లేకపోతే బేరమే వద్దు

చెయిన్ రంపానికి వందేళ్ల చరిత్ర ఉంది. జర్మనీకి చెందిన ఆండ్రియాస్ స్టిల్ 1926లో కరెంటు రంపాన్ని, 1929లో పెట్రోలు రంపాన్ని తయారుచేశాడు. చెయిన్ బ్రేకులు మాత్రం 1970ల్లోగానీ రాలేదు. బ్లేడు కొస పైభాగం దుంగకు తగిలితే రంపం ఒక్కసారిగా ముఖం మీదికి ఎగురుతుంది. ముందున్న గార్డు ఆ క్షణంలో చెయిన్‌ను ఆపాలి. ఆ బ్రేకు లేని పాతకాలపు మిషన్‌ను ఊరికే ఇచ్చినా పనికి వాడకూడదు. బ్రేకు విరిగి ఉంటే మొదటి ఖర్చు దానికే పెట్టాలి. రంపంతో పాటు హెల్మెట్, కళ్లద్దాలు, బూట్లు కూడా లెక్కలో వేసుకోవాలి.

మిషన్ బాగుపడ్డాక కూడా ఒక పని మిగులుతుంది. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్లు కొట్టడానికి అనుమతులు తీసుకోవాల్సిన సందర్భాలున్నాయి. మాను మీద చెయ్యి వేసేముందు ఆ సంగతి కనుక్కుంటే తరువాత తంటా ఉండదు.

పరీక్షలన్నీ నెగ్గి, బ్రేకు పనిచేసి, లెక్క సగంలోపు తేలితే నిశ్చింతగా కొనుక్కోవచ్చు. ఒక్కటి తేడా వచ్చినా, ఇంకొన్నాళ్లు డబ్బు కూడబెట్టి కొత్తది కొనుక్కోవడమే ఒంటికీ ఇంటికీ క్షేమం.