సంతానం లేనప్పుడు భర్తకూ పరీక్ష అవసరమే

పెళ్లయి ఏడాది దాటినా గర్భం రాకపోతే మన ఇళ్లలో ముందుగా కోడలినే ఆసుపత్రికి తీసుకొస్తారు. లోపం భర్తలోనూ ఉండవచ్చు. అందుకే మేము ఇద్దరినీ కలిసి రమ్మంటాము.

దేవుడు పురుషుని వృషణాలను శరీరం వెలుపల సంచిలో అమర్చాడు. వీర్యకణాలు తయారు కావడానికి ఒంటి వేడి కంటే 2, 3 డిగ్రీలు తక్కువ వేడి కావాలి. అందుకే చలికి ఆ సంచి ముడుచుకుంటుంది, వేడికి వదులవుతుంది. వృషణాలలో తయారైన కణాలు వాటి వెనుకనున్న మెలికల గొట్టంలో కదిలే శక్తి పొంది, వీర్యవాహిక గుండా వెళతాయి. వీర్యకోశాలు, ప్రొస్టేట్ గ్రంథి వాటికి ద్రవాన్ని కలుపుతాయి. అదే వీర్యం.

ఒక కణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. కాబట్టి పొగ, మద్యం మానినా ఫలితం మూడు నెలలకు గాని తెలియదు. ఓపిక పట్టాలి.

పరీక్ష సులువైనది. 2 నుండి 7 రోజులు కలయికకు దూరంగా ఉండి, వీర్యం సీసాలో ఇవ్వాలి. మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాల కంటే తగ్గితే మరోసారి పరీక్షిస్తాము. మగతనం వేరు, కణాల సంఖ్య వేరు. సిగ్గుపడనవసరం లేదు.

తల్లులారా, మగబిడ్డకు 6 నెలలు నిండినా వృషణం సంచిలోకి దిగకపోతే డాక్టరుకు చూపించండి. ఆలస్యమైతే పెద్దయ్యాక సంతానానికి ఇబ్బంది కలగవచ్చు.

ఎల్కానా హన్నాను నిందించలేదు, ఓదార్చాడు. మన కోడళ్లను గొడ్రాలు అనకండి. ముందు మీ అబ్బాయిని కూడా పరీక్షకు పంపండి.