ఫోన్ మీ వేలిని నమ్మొచ్చా?

2017 నవంబర్‌లో దోహా నుంచి బాలి వెళ్తున్న ఖతార్ ఎయిర్‌వేస్ విమానం దారి మళ్లి చెన్నైలో దిగింది. ఇంజిన్ బాగానే ఉంది, వాతావరణమూ బాగానే ఉంది. నిద్రపోతున్న భర్త వేలిని ఆయన ఫోన్‌కే ఆనించి, ఒకావిడ దాని లాక్ తీసింది. లోపల కనబడిన సంగతులతో మొదలైన గొడవను ఆపడం సిబ్బంది వల్ల కాలేదు. భార్యనూ భర్తనూ వెంట ఉన్న బిడ్డనూ చెన్నైలో దించేసి విమానం వెళ్లిపోయింది.

పాపం, ఆ ఫోన్ తప్పేమీ చేయలేదు. ఇది యజమాని వేలేనా కాదా అని చూడటమే దాని పని. ఆ వేలు అక్కడికి ఇష్టపడి వచ్చిందా, ఎవరైనా పట్టుకొచ్చారా అన్నది దానికి అనవసరం.

వేలికొన మీద సన్నటి గట్లు, వాటి మధ్య కాలువలు ఉంటాయి. పక్క బటన్‌లో ఉండే సెన్సర్ చర్మం ఆనిన చోటికీ ఆనని చోటికీ విద్యుత్తులో వచ్చే తేడాను కొలుస్తుంది. తెర కింద ఉండేది ఒక్క క్షణం వెలుగు విరజిమ్మి వేలిని ఫొటో తీస్తుంది. ఖరీదైన కొన్ని ఫోన్లలో ఆ పని అల్ట్రాసౌండ్ తరంగాలు చేస్తాయి. ఏ పద్ధతిలోనైనా ఫోన్ ముఖ్యంగా చూసేది గట్లు ఏ తీరులో ఉన్నాయి అన్నదే. ఆ లెక్కను ఫోన్‌లోనే విడిగా, మిగతా యాప్‌లకు అందని చోట దాచుకుంటుంది. అది కంపెనీ సర్వర్‌కు వెళ్లదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పని పడుతుంది.

గిన్నెలు తోమిన తడి చేత్తో ఫోన్ తెరవబోతే మొరాయిస్తుంది. నీళ్లతో కాలువలు నిండి గట్లతో కలిసిపోవడమే కారణం. బీడీలు చుట్టీ సిమెంటు కలిపీ వేళ్లు అరిగినవాళ్లకు అసలు గట్లే సరిగా మిగలవు. రేషన్ షాపులో "ముద్ర పడటం లేదమ్మా" అని డీలర్ విసుక్కునేది ఇలాంటివాళ్లనే. కాబట్టి సెన్సర్ కొంత చూసీ చూడనట్టు పోక తప్పదు. పైగా అది చిన్నది, వేలిలో ఒక ముక్కే దానికి కనబడుతుంది. అందుకే మొదట్లో వేలిని అటూ ఇటూ జరిపించి చాలా ముక్కలు నమోదు చేసుకుంటుంది, తర్వాత ఏ ముక్క కలిసినా సరే అంటుంది. ఇలాంటి ముక్కలు చాలామందివి ఒకదాన్నొకటి పోలి ఉండే అవకాశం ఉందని 2017లో న్యూయార్క్, మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు చూపించారు.

ఇక దొంగ ముద్రల సంగతి. ఆపిల్ 2013 సెప్టెంబర్‌లో వేలిముద్రతో తెరుచుకునే ఐఫోన్ 5ఎస్‌ను అమ్మకానికి పెట్టిన రెండు మూడు రోజుల్లోనే జర్మనీకి చెందిన కేయాస్ కంప్యూటర్ క్లబ్ దాన్ని బోల్తా కొట్టించింది. గాజు మీద పడిన ముద్రను ఫొటో తీసి, కంప్యూటర్‌లో శుభ్రం చేసి, పారదర్శకమైన షీటు మీద ఇంకు మందంగా పడేలా ప్రింట్ తీశారు. దాని మీద రబ్బరు పాలు పోసి, ఆరాక పొరను ఒలిచి, కాస్త తేమ తగిలేలా నోటితో ఊది ఫోన్ మీద పెట్టారు. అంతే, తెరుచుకుంది.

మన దగ్గర దీనికి గాజు గ్లాసు కూడా అవసరం పడలేదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌లు అమ్మే ఒకడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూముల దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలను రబ్బరు స్టాంపు తయారుచేసే పద్ధతిలో అచ్చు తీశాడు. వాటితో ఆధార్ యంత్రాన్ని నమ్మించి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ తర్వాత ఇలాంటి ముద్రలతోనే ఆధార్ చెల్లింపుల ద్వారా బ్యాంకు ఖాతాల్లో డబ్బు లాగిన ముఠాలూ పట్టుబడ్డాయి.

ఇందాక గుర్తుంచుకోమన్నది ఇక్కడే పనికొస్తుంది. ఆధార్‌లో పోలిక చూసేది ఎక్కడో ఉన్న కేంద్ర భాండాగారం. మీ ముద్ర, మీ ఆధార్ నంబర్ ఉంటే దొంగ ఏ ఊళ్లోనైనా కూర్చుని ప్రయత్నించొచ్చు. ఫోన్‌లో అలా కుదరదు. ముద్రతో పాటు మీ ఫోన్ కూడా వాడి చేతిలో ఉండాలి. ఐఫోనైతే ఐదుసార్లు తప్పితే వేలిని పక్కనపెట్టి పాస్‌కోడ్ అడుగుతుంది. కాబట్టి భయపడాల్సింది ఫోన్ సెన్సర్ గురించి కాదని నా అభిప్రాయం.

ముఖం విషయంలో మాత్రం ఫోన్‌కీ ఫోన్‌కీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది. ఐఫోన్ ఫేస్ ఐడీ కంటికి కనబడని 30,000 పైచిలుకు ఇన్‌ఫ్రారెడ్ చుక్కలు ముఖం మీద చల్లి ఎత్తుపల్లాలు కొలుస్తుంది. అపరిచితుడికి తెరుచుకునే అవకాశం పది లక్షల్లో ఒకటి అని ఆపిల్ చెబుతుంది. కవల పిల్లలు, పోలికలున్న అన్నదమ్ములు, 13 ఏళ్లలోపు పిల్లల విషయంలో ఆ లెక్క వర్తించదనీ అదే చెబుతుంది. చాలా చవక ఫోన్లలో ఉండేది మామూలు సెల్ఫీ కెమెరాయే. నెదర్లాండ్స్ వినియోగదారుల సంఘం 110 ఫోన్లను పరీక్షించి 2019లో ఫలితాలు చెప్పింది. యజమాని ఫొటో చూపించగానే 42 తెరుచుకున్నాయి.

మీ ఆండ్రాయిడ్ ఫోన్ ఏ రకమో తెలుసుకోవడానికి ఒక ఆనవాలుంది. ఫోన్ ముఖం చూసి తెరుచుకుంటున్నా, బ్యాంకు యాప్ మాత్రం వేలినో పిన్‌నో అడుగుతుంటే ఆ ముఖం లాక్ బలహీనమైనదై ఉండొచ్చు. గూగుల్ ఈ లాక్‌లను బలాన్ని బట్టి మూడు తరగతులు చేసింది. బ్యాంకు యాప్‌లు సాధారణంగా పై తరగతినే ఒప్పుకుంటాయి.

ఇన్ని చెప్పుకున్నాక కూడా అసలు తాళం పిన్నే. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే వేలూ ముఖమూ చెల్లవు, పిన్ కొట్టాల్సిందే. అమెరికా బార్లలో ఐఫోన్ దొంగలు ముందు పాస్‌కోడ్ కొడుతుండగా చూసి, ఆ తర్వాత ఫోన్ లాక్కుపోయేవాళ్లు. అది 2023లో పెద్ద వార్తయ్యాక, తెలియని చోట కీలకమైన మార్పులకు పాస్‌కోడ్ ఒక్కటే చాలదనే రక్షణను ఆపిల్ 2024 జనవరిలో తెచ్చింది. బస్సులో పక్కవాడి కళ్ల ముందు నాలుగంకెలు నొక్కడం కంటే వేలు ఆనించడమే మేలు.

పిన్ ఆరంకెలు పెట్టుకోండి, పుట్టినరోజు వద్దు. ఫొటోకు తెరుచుకునే ముఖం లాక్ అయితే తీసేయండి. మీ ముద్రను ఇంకెవరూ వాడకుండా ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోండి. రేషన్‌కో పింఛనుకో ముద్ర వేయాల్సి వస్తే అప్పటికి తీసుకోవచ్చు, కాసేపటికి అదే మళ్లీ పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ల ఆధార్‌కు కూడా మీరే కూర్చుని చేసిపెట్టండి.