రాసింది మనిషే

చౌక దుకాణంలో వేలిముద్ర యంత్రం ఉంటుంది. బ్యాంకులో కంప్యూటర్ ఉంటుంది. చేతిలో సెల్‌ఫోన్ ఉంటుంది. ఒక్కోసారి ఇవి మొరాయిస్తాయి. "యంత్రం ఒప్పుకోలేదమ్మా, రేపు రా" అంటారు. విన్నవాళ్లు మారుమాట లేకుండా ఇంటికి పోతారు. యంత్రమే కాదన్నాక ఇంక చేసేదేముంది అనుకుంటారు.

యంత్రానికి అంత తెలివి ఉందా? ఉంటే ఆ తెలివి ఎక్కడి నుంచి వచ్చింది? ఫిన్లాండ్ దేశంలో ఒక కుర్రవాడు సరదాకి మొదలుపెట్టిన పని గురించి తెలుసుకుంటే జవాబు దొరుకుతుంది.

ప్రోగ్రాం అంటే ఏమిటి?

"కొట్టుకు పోయి కిలో ఉప్పు పట్టుకురా" అని పిల్లవాడికి చెప్తాం. వాడు పోయి తెస్తాడు. కొట్టు మూసి ఉంటే పక్క కొట్టుకు పోతాడు. ఆ మాట మనం చెప్పలేదు. వాడికే తోచింది.

కంప్యూటర్‌కు అట్లా తోచదు. ప్రతి అడుగూ రాసి ఇవ్వాలి. తలుపు తియ్యి. కుడివైపు తిరుగు. ఇరవై అడుగులు వెయ్యి. కొట్టు తెరిచి ఉంటే ఉప్పు అడుగు. మూసి ఉంటే పక్క కొట్టుకు పో. ఈ చివరి మాట రాయడం మరిచామా, మూసిన తలుపు ముందే నిలబడిపోతుంది. ఇట్లా వరసగా రాసి ఇచ్చే ఆజ్ఞలనే ప్రోగ్రాం అంటారు.

ఈ రోజుల్లో మనిషిలా మాట్లాడే కంప్యూటర్లు కూడా వచ్చాయి. వాటిని తయారుచేసిందీ మనుషులే.

తాత దగ్గర మొదలు

ఆ కుర్రవాడి పేరు లైనస్ టోర్వాల్డ్స్. 1969లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో పుట్టాడు. ఆయన తాత లెక్కల పంతులు. పెద్ద విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడు. 1981 ప్రాంతంలో తాత ఒక చిన్న కంప్యూటర్ కొన్నాడు. కానీ మీటలు నొక్కి రాయడం ఆ పెద్దాయనకు అలవాటు లేదు. అందుకని ప్రోగ్రాంను కాగితం మీద రాసేవాడు. పదకొండేళ్ల మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని మీటలు నొక్కించేవాడు.

మనవడు అట్లా నేర్చుకున్నాడు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన పుస్తకం చదివాడు. అందులో ఉన్న ప్రోగ్రాంలు చూసి రాశాడు. తర్వాత వాటిని కొద్దికొద్దిగా మార్చి చూశాడు. చెల్లెలు సారా పేరు పెట్టి, "సారా చాలా మంచిది" అని తెర మీద ఆగకుండా వచ్చేటట్లు ఒక ప్రోగ్రాం రాశాడు. చూసి రాయడం, మార్చి చూడడం, తప్పు వస్తే మళ్లీ దిద్దడం. చదువైనా, కుట్టుపనైనా, వంటైనా మనం నేర్చుకునేది కూడా ఇట్లాగే కదా.

సరదా పని

1991 జనవరిలో లైనస్ మంచి కంప్యూటర్ ఒకటి కొన్నాడు. చేతిలో అంత డబ్బు లేదు. వాయిదాల మీద తీసుకున్నాడు. అప్పటికి ఆయన విద్యార్థి.

ప్రతి కంప్యూటర్‌లోనూ ఒక పెద్ద ప్రోగ్రాం ఉంటుంది. పెళ్లింట్లో పెత్తనం చేసే పెద్దమనిషి లాంటిది. ఎవరు వండాలి, ఎవరు వడ్డించాలి, సామాను గది తాళం ఎవరికి ఇవ్వాలి అని ఆయన చెప్తేనే పని సాగుతుంది. కంప్యూటర్‌లో ఆ పెత్తనం చేసే దాన్ని ఆపరేటింగ్ సిస్టం అంటారు. నెదర్లాండ్స్‌లో పాఠాలు చెప్పే ఆండ్రూ టానెన్‌బామ్ దీని గురించి ఒక పుస్తకం రాశాడు. లైనస్ ఆ పుస్తకం శ్రద్ధగా చదివాడు. తనే ఒకటి రాయడం మొదలుపెట్టాడు.

మధ్యలో పొరపాటు జరిగింది. సమాచారాన్ని ఫోను తీగ మీద పంపబోయి, తన కంప్యూటర్‌లో దాచుకున్న వాటి మీదే రాసేశాడు. అందులో ఉన్నది పాడైపోయింది. అయినా పని మానలేదు.

1991 ఆగస్టు 25న తన పని గురించి నలుగురికీ తెలియజేశాడు. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్లు. ఇది సరదాకి చేస్తున్న పని అనీ, పెద్దది కాదనీ చెప్పాడు. ఇందులో ఏం ఉంటే బాగుంటుందో చెప్పమని అడిగాడు. సెప్టెంబరులో దాన్ని అందరి ముందూ పెట్టాడు. అప్పుడు అది దాదాపు 10,000 వరసలు. దాని పేరు లినక్స్.

ఆవకాయా, కలిపే విధానమూ

కొట్లో ఆవకాయ సీసా కొనుక్కోవచ్చు. దాన్ని ఎట్లా కలిపారో కొట్టువాడు చెప్పడు. ప్రోగ్రాంలు అమ్మే కంపెనీలు కూడా చాలావరకు అంతే. లైనస్ ఆవకాయా ఇచ్చాడు, కలిపే విధానమూ ఇచ్చాడు.

1992లో దానికి ఒక నియమం పెట్టాడు. ఆ నియమం అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ రాసింది. దీన్ని ఎవరైనా వాడుకోవచ్చు. ఎవరైనా మార్చుకోవచ్చు. కానీ మార్చినదాన్ని ఇంకొకరికి ఇస్తే, ఎట్లా మార్చారో అది కూడా ఇవ్వాలి. దాచుకోకూడదు.

డబ్బు పంపమంటారా అని కొందరు అడిగారు. డబ్బు వద్దు, మీ ఊరి బొమ్మ ఉన్న పోస్టుకార్డు పంపండి అన్నాడు. జపాన్ నుంచి, న్యూజిలాండ్ నుంచి కార్డులు వచ్చాయి. కంప్యూటర్ వాయిదాలు ఇంకా ఉన్నాయని తెలిసి, తర్వాత కొందరు చందాలు వేసుకుని ఆ బాకీ తీర్చడానికి సాయం చేశారు.

కార్డులకన్నా విలువైనది ఇంకొకటి వచ్చింది. చదివినవాళ్లు తప్పులు పట్టుకున్నారు. దిద్ది పంపారు. ఒకడు రాసిన దాన్ని వేలమంది చదివి దిద్దితే అది ఎంత గట్టిపడుతుందో చూడండి. 10,000 వరసలు ఈనాడు 3 కోట్లు దాటాయి. ఆండ్రాయిడ్ సెల్‌ఫోన్లన్నిటి లోపలా పెత్తనం చేసేది లినక్సే. ప్రపంచంలో అతి వేగంగా లెక్క కట్టే 500 కంప్యూటర్లూ 2017 నవంబరు నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి. తుఫాను ఎటు వస్తుందో లెక్క కట్టేది ఇట్లాంటి పెద్ద కంప్యూటర్లే.

తెలుగువాళ్లు కూడా ఈ పనిలో చెయ్యి వేశారు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ కంప్యూటర్ తెర మీది మాటల్ని తెలుగులోకి మార్చి లినక్స్‌ను అందించింది. విధానం దాచిపెట్టి ఉంటే అది కుదిరేది కాదు.

మూడు మెట్లు

మనుషులు చేసే పనులు మూడు మెట్లు ఎక్కుతాయని లైనస్ అంటాడు. మొదటిది బతకడం. రెండోది నలుగురితో కలవడం. మూడోది ఆనందం. ఇల్లు చూడండి. ఎండావానా తప్పించుకోవడానికి కట్టుకుంటాం. అరుగు మీద నలుగురం కూర్చుని మాట్లాడుకుంటాం. పండక్కి ముగ్గు వేసి మురిసిపోతాం. ఆనందం అంటే ఆటపాటలే కాదు. కొత్త సంగతి బోధపడినప్పుడు కలిగేది కూడా ఆనందమే. లైనస్‌ను అన్నేళ్లు కూర్చోబెట్టింది ఆ ఆనందమే.

ఆయనకు ఒక లోపం కూడా ఉండేది. తప్పు చేసినవాళ్లను పరుషంగా తిట్టేవాడు. 2018లో అందుకు క్షమాపణ చెప్పాడు. కొన్నాళ్లు పని ఆపి, మాటతీరు మార్చుకోవాలనుకున్నాడు. అప్పటికి ఆయనకు 48 ఏళ్లు. నేర్చుకోవడానికి వయసు అడ్డం కాదు.

అడగడం మన పని

వేలిముద్ర యంత్రంలో ఉన్నది కూడా ప్రోగ్రామే. నాట్లు వేసి, గిన్నెలు తోమి, రాళ్లు మోసి వేళ్లు అరిగిపోతే ముద్ర సరిగా పడదు. అప్పుడేం చెయ్యాలో రాసి ఉంటే యంత్రం చేస్తుంది. రాసి లేకపోతే ఆగిపోతుంది. ఆ తప్పు వేలిది కాదు. దానికి ఇంకో దారి చూపించాల్సింది మనిషే.

అందుకని "యంత్రం ఒప్పుకోలేదు" అంటే ఊరుకోకూడదు. "ఎందుకు ఒప్పుకోలేదు? ఇంకో దారి ఏముంది? ఎవరిని అడగాలి?" అని నిదానంగా అడగాలి. తెర మీద ఏం వచ్చిందో చదవాలి. ఆ మాటను, తేదీని కాగితం మీద రాసుకోవాలి. మనిషి రాసినదాన్ని మనిషి చదవగలడు, దిద్దగలడు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో ఏయే పనులకు యంత్రాలు వచ్చాయి?
2. యంత్రం ఆగిపోతే మీరు ఎవరిని అడుగుతారు?
3. అన్నం వండే విధానాన్ని, ఏమీ తెలియనివాళ్లకు చెప్పినట్లు, అడుగు అడుగుగా రాయండి. పక్కవాళ్లకు చూపించండి. ఏ అడుగు మరిచారో అడగండి.