ఎమర్జెన్సీ పొడిగించారంటే యుద్ధం వస్తుందనా?

ఏటా నవంబర్‌లో ఒక వార్త ఫోన్లలో తిరుగుతుంది: ఇరాన్‌పై జాతీయ ఎమర్జెన్సీని అమెరికా మరో ఏడాది పొడిగించిందని. సిర్గాపూర్‌లో కొడుకో అల్లుడో దుబాయ్‌లోనో రియాద్‌లోనో పని చేస్తున్న ఇంట్లో ఇది చదివితే గుండె దడదడలాడుతుంది. "యుద్ధం వస్తుందా? పిల్లగాణ్ని వాపస్ రమ్మందామా?" అని అమ్మీ పరేషాన్ అవుతుంది. అసలు ఈ పొడిగింపు ఏమిటో తెలిస్తే సగం భయం పోతుంది. మిగతా సగం మన దేశం గురించి ఆలోచించడానికి పనికొస్తుంది.

అమెరికా పొడిగించేది దేన్ని?

1979 నవంబర్ 4న టెహ్రాన్‌లోని అమెరికా ఎంబసీని ఇరాన్ విద్యార్థులు ఆక్రమించి, సిబ్బందిని బందీలుగా పట్టుకున్నారు. నవంబర్ 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఎమర్జెన్సీ ప్రకటించి, అమెరికా చేతుల్లో ఉన్న ఇరాన్ ప్రభుత్వ ఆస్తులను స్తంభింపజేశారు. చివరి బందీలు 444 రోజుల తర్వాత, 1981 జనవరి 20న బయటపడ్డారు. ఎమర్జెన్సీ మాత్రం పోలేదు. 1995 మార్చి 15న క్లింటన్ ఇరాన్ మీద ఇంకో ఎమర్జెన్సీ పెట్టారు. అందుకే ఈ వార్త మార్చిలోనూ వస్తుంది.

అమెరికాలో 1976 నాటి చట్టం ప్రకారం, గడువు తీరేలోపు అధ్యక్షుడు నోటీసు ఇవ్వకపోతే ఎమర్జెన్సీ దానంతట అదే రద్దవుతుంది. కాబట్టి ఏటా సంతకం చేస్తారు, లైసెన్స్ రెన్యూవల్ లాగన్నమాట. దాని బలంతో వ్యాపార ఆంక్షలు నడుస్తుంటాయి. ఇది యుద్ధ ప్రకటన కాదు.

అలాగని గల్ఫ్‌లో ప్రమాదమే లేదని కాదు. 2025 జూన్‌లో అమెరికా ఇరాన్‌పై బాంబులు వేసింది, ఇరాన్ ఖతర్‌లోని అమెరికా స్థావరంపై క్షిపణులు వదిలింది. కానీ అలాంటి ప్రమాదం ఈ రెన్యూవల్ కాగితంలో కనిపించదు. దానికోసం అక్కడి మన ఎంబసీ ఇచ్చే సూచనలు చూడాలి.

మన దేశంలోనూ జరిగింది

పరాయి దేశంతో గొడవ అని పెట్టిన ఎమర్జెన్సీ ఏళ్ల తరబడి సాగడం మనకు కొత్త కాదు. చైనా దాడి చేసినప్పుడు 1962 అక్టోబర్ 26న ఎమర్జెన్సీ వచ్చింది. యుద్ధం నవంబర్‌లోనే ఆగింది. ఎమర్జెన్సీ తీసేసింది 1968 జనవరిలో.

పాకిస్తాన్‌తో యుద్ధం అని 1971 డిసెంబర్ 3న మళ్లీ పెట్టారు. సంతకం చేసింది మన తెలుగువాడే, రాష్ట్రపతి వి.వి. గిరి. యుద్ధం రెండు వారాల్లో ముగిసింది. ఎమర్జెన్సీ 1977 మార్చి దాకా ఉంది. 1975 జూన్ 25న ఇందిరాగాంధీ ప్రభుత్వం తెచ్చిన "ఆ ఎమర్జెన్సీ" దీని పైన వచ్చి చేరిన రెండోది. పాకిస్తాన్ యుద్ధం పేరుతో వచ్చిన దేశ రక్షణ నిబంధనలతోనే 1975 జులైలో ఆర్‌ఎస్‌ఎస్‌నూ జమాతె ఇస్లామీనీ నిషేధించారు. బయటి శత్రువు కోసం చేసిన అధికారం లోపలి మనుషుల మీదికి తిరిగింది.

ఎందుకు సాధ్యమైంది? అప్పటి రాజ్యాంగం ప్రకారం పార్లమెంటు ఒక్కసారి ఆమోదిస్తే చాలు, ఆ తర్వాత గడువు లేదు. మళ్లీ అడిగే పనే లేదు.

ఇప్పుడు రూల్ ఏమిటి?

1978 నాటి 44వ సవరణ దీన్ని మార్చింది. దానికి ఆమోదముద్ర వేసిన రాష్ట్రపతి కూడా తెలుగువాడే, నీలం సంజీవరెడ్డి.

ఇప్పుడు ఎమర్జెన్సీ పెట్టాలంటే కేబినెట్ రాతపూర్వకంగా కోరాలి. నెలలోపు పార్లమెంటు ఉభయ సభలూ ఆమోదించాలి. ప్రతి ఆరు నెలలకూ మళ్లీ ఓటింగ్ జరగాలి. ఓటేసినవారిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి, ఆ సంఖ్య సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించాలి. వద్దని లోక్‌సభ మామూలు మెజారిటీతో తీర్మానిస్తే రద్దు చేయాల్సిందే. అందుకోసం ప్రత్యేక సమావేశం కావాలని పదో వంతు సభ్యులు నోటీసు ఇవ్వవచ్చు. ప్రాణానికీ, వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణం అమలును ఎమర్జెన్సీలో కూడా ఆపలేరు.

అమెరికాలో అధ్యక్షుడి సంతకంతో సాగుతుంది. మన దగ్గర ఎంపీల ఓటు కావాలి. నారాయణఖేడ్ ఉన్నది జహీరాబాద్ లోక్‌సభ స్థానంలో. అంటే మనం ఎన్నుకున్న ఎంపీ కూడా ఆరు నెలలకోసారి జవాబు చెప్పాలి.

పోయినా మిగిలేది

ఒక్క మాట మన కుటుంబాలు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. 1965 యుద్ధంలో దేశ రక్షణ నిబంధనల కింద, పాకిస్తాన్ పౌరుల ఆస్తులను ప్రభుత్వ కస్టోడియన్‌కు అప్పగించారు. ఎమర్జెన్సీ పోయి ఆ చట్టం ముగుస్తుండగా, 1968లో శత్రు ఆస్తుల చట్టం చేసి వాటిని అట్లాగే ఉంచారు. 2017 సవరణతో, వారసులు భారత పౌరులైనా సరే ఆ ఆస్తి వారసత్వంగా రాదు. ఎమర్జెన్సీ పోయి ఇన్ని దశాబ్దాలైంది, ఆ ఇళ్లు మాత్రం ఇంకా కస్టోడియన్ దగ్గరే ఉన్నాయి.

కాబట్టి ఈసారి పొడిగింపు వార్త వస్తే "యుద్ధం వస్తుందా" అని భయపడి ఊరుకోకండి. దేని కోసం పెట్టారు, అది ఇంకా ఉందా, ఆపగలిగేది ఎవరు అని అడగండి. ఆ ప్రశ్నలు మన దగ్గర ఎవరూ గట్టిగా అడగకపోబట్టే రెండు వారాల యుద్ధానికి పెట్టిన ఎమర్జెన్సీ అయిదేళ్లు దాటింది.